కొత్త కుండ, తెల్ల నూలు

నగరి,
20 మే 1946

వదిన దేవకమ్మకు, నీ వియ్యపురాలు గురవమ్మ ఎవరినీ బతిమాలకుండా సొంత చేత్తో రాసుకున్న ఉత్తరం. ఇక్కడ అందరం బాగున్నాం. అక్కడ పుట్టింటికి కానుపుకొచ్చిన నా కోడలు రంగనాయకమ్మ వేళకు తింటోందని నమ్ముతున్నాను.

మూటల ఓబయ్య మీ చంద్రగిరి మీదుగా పోతున్నాడు. అతని చేత ఒక కొత్త కుండ మూతతో సహా, కొన్ని పసుపు కొమ్ములు, ఒక చిలప తెల్ల నూలు పంపుతున్నాను. కుండలో నీళ్ళు పోసి చూశాను, ఎక్కడా కారలేదు. దారిలో బద్దలు కొడితే ఆ మాట ఓబయ్య నోటితోనే చెప్పించు.

ఎందుకో నీకు తెలుసు. మా ఇంట్లో బిడ్డ పుట్టాక పడే మాయకు పసుపు రాసి, కొత్త కుండలో పెట్టి, మూతికి నూలు చుట్టి, మగ్గాల కొట్టం వెనక పూడ్చడం మా పెద్దల నాటి పద్ధతి. చిట్టి పుట్టినప్పుడు నువ్వు నన్ను అడగకుండా మీ పెరట్లో పూడ్చేశావు. అందుకే ఆ పిల్ల మూడేళ్ళు నిండినా ఇక్కడ కంచం ముందు కూర్చుని "మా దేవకవ్వ పెడితేనే తింటా" అని మొండికేస్తుంది. అప్పుడు నేను నోరు మూసుకున్నాను. ఈసారి మూసుకోను. ఉప్పు వేసి మూత బిగించి పంపితే రైల్లో ఒక పూట ప్రయాణం. మా ఇంట్లో మగ్గాలు మూడు. మూడింటి మీదా మనుమళ్ళు కూర్చోవాలని నా ఆశ.

ముందు రాయవలసిన మాట ఆఖరికి వచ్చింది. పోయిన కానుపులో మాయ పడకపోతే మీ మంత్రసాని తాయమ్మ చెయ్యి పెట్టి తునకలుగా లాగిందని, ఆ తర్వాత చాలా రోజులు జ్వరం కాసిందని రంగనాయకమ్మ నాకు చెప్పింది. ఈసారి బిడ్డ వచ్చి మాయ రాకపోతే ఎవరినీ చెయ్యి పెట్టనీయవద్దు. మాయ పడేదాకా బొడ్డు కోయకూడదని కాచుకుని కూర్చోవద్దు. నేను పంపిన నూలుతో గట్టిగా కట్టి, కోసి, జట్కా కట్టించి తిరుపతిలో ఆడవాళ్ళ ఆసుపత్రికి తీసుకుపో. ఎందుకని అడగకు. అడిగినా రాయను.

చిట్టి తన తల్లికి ఒక ముద్దు పంపమంది. ఉత్తరంలో ఎట్లా పంపేదో నాకు తెలియలేదు, నువ్వే పెట్టు.

నీ వదిన,
గురవమ్మ

*

చంద్రగిరి,
27 మే 1946

వదినమ్మా, నీ ఉత్తరమూ, నీ కుండా, నీ ఆజ్ఞలూ అన్నీ చేరాయి. కుండను ఓబయ్య పసిబిడ్డను ఎత్తుకొచ్చినట్టు ఒళ్ళో పెట్టుకుని వచ్చాడు. దించమంటే "ఆయమ్మ నన్ను చంపుతాది, ముందు నువ్వు సూడమ్మా, బీట ల్యాదని చెప్పు" అని నా చేత చెప్పించుకున్నాకే మజ్జిగ తాగాడు.

నాకు కోపం వచ్చిందని రాయకపోతే అబద్ధమవుతుంది. నేను నలుగురిని కన్నాను. మా ఇంట్లో కానుపు ఎట్లా చెయ్యాలో నగరి నుంచి చెప్పించుకోవాలా? తాయమ్మ చేతిలో ఈ వీధి పిల్లలందరూ పుట్టారు. బొడ్డు ముందే కోస్తే మాయ పైకి ఎక్కిపోతుందని మా అమ్మా చెప్పింది, మా అత్తా చెప్పింది. నువ్వొక్కదానివే ఇంకో శాస్త్రం చెబుతున్నావు, కారణం మాత్రం చెప్పవట!

మీ అన్నయ్య పరంధామయ్యకు చదివి వినిపిస్తే మీసంలో నవ్వుకుని "ఆయమ్మ సెప్పినట్టు సెయ్యి, లేకుంటే రైలెక్కి వస్తాది" అన్నారు. నీ కోడలు అయితే నీ ఉత్తరాన్ని తలగడ కింద పెట్టుకుంది. అత్త మాటంటే దానికి వేదం, తల్లి మాట అంటే చేటలో పొట్టు.

రంగనాయకమ్మ బాగానే ఉంది. పాదాలు కొంచెం వాచాయి. చింతచిగురు తప్ప ఏదీ సహించడం లేదు. బట్టల కంట్రోలు వచ్చాక మా కొట్లో ఈగలు తోలుకోవడమే పని కాబట్టి, మీ అన్నయ్య రోజూ చిగురు కోసి తెస్తున్నారు.

కుండను అటక మీద పెట్టాను. చిట్టి ముద్దు తల్లికి ముట్టింది. ఈసారి మాయ నీదే, తీసుకో. బిడ్డ మాత్రం మూడో నెల దాకా నాది.

ఇంకా కోపం పూర్తిగా తగ్గని,
దేవకమ్మ

*

తిరుపతి,
12 జూన్ 1946

వదినకు శుభవార్త. ఆడపిల్ల పుట్టింది. నీ కొడుకు పోలిక, ముక్కు మాత్రం మాది. తల్లికి నీరసంగా ఉంటే తిరుపతి ఆసుపత్రికి తీసుకువచ్చాం. నూలు కోసం పోయిన ఊళ్ళోనే తంతి అందుకుని అల్లుడు మునికృష్ణ నేరుగా వచ్చాడు, ఇక్కడే ఉన్నాడు. కంగారు పడవలసింది ఏమీ లేదు. నువ్వు చిట్టిని వదిలి రావద్దు. ఇక్కడ ఎక్కువ మందిని లోపలికి రానివ్వరు.

తొందరలో రాస్తున్నాను, తప్పులుంటే సర్దుకో.

దేవకమ్మ

*

నగరి,
17 జూన్ 1946

వదినా, నీ నోట్లో చక్కెర పొయ్య! ఆడపిల్ల అని చదవగానే చిట్టిని ఎత్తుకుని వీధంతా తిరిగాను. కంట్రోలు బెల్లం ఎంత ఉంటే అంత పంచిపెట్టాను. మీ అన్న ఎల్లప్ప మగ్గం దిగి వచ్చి "పాప ఎట్లుండాది, కోడలు ఎట్లుండాది" అని ఉత్తరాన్ని తిప్పి తిప్పి చూశాడు. ఆయనకు చదువు రాదు, అయినా చూశాడు.

అయితే నువ్వు రాసిన దాంట్లో మాయ మాట లేదు. మాయ పడిందా? ఎప్పుడు పడింది? దానంతట అదే పడిందా? నీరసమంటే ఎట్లాంటి నీరసం? కొట్టం వెనక గుంట తవ్వించి పెట్టాను. వాన వస్తే గట్టు జారుతుంది, తొందరగా కుండ పంపు. కోడలి చేత రెండు ముక్కలు రాయించు. అది నాకంటే గుండ్రంగా రాస్తుంది, చూసి చాలా రోజులైంది.

ఇక్కడ నాకు పని సాగడం లేదు. మా తమ్ముడి కూతురు సుబ్బులమ్మను పుత్తూరు నుంచి పిలిపించాను. పద్దెనిమిదేళ్ళ పిల్ల, పనిలో చురుకు. చిట్టి దానికి బాగా అలవాటైంది. మునికృష్ణ వచ్చినా వాడికి వేళకు అన్నం పెట్టే మనిషి ఉంది, ఆ దిగులు నీకు అక్కర్లేదు.

మాయ సంగతి మరిచిపోకుండా రాయి.

గురవమ్మ

*

తిరుపతి,
25 జూన్ 1946

వదినకు,

పాప బాగుంది. పాలు తాగుతోంది. పక్క మంచం బాలింత ఐరాల రైతుబిడ్డ, దేవత లాంటి మనిషి, తన బిడ్డతో పాటు మన బిడ్డకూ పాలిచ్చింది. ఇప్పుడు తల్లికీ పాలు పడుతున్నాయి. పుట్టినప్పుడు కోడిపిల్ల లాగా ఉండింది, ఇప్పుడు ఏడిస్తే వరండా చివరికి వినపడుతోంది.

మాయ సంగతి ఆసుపత్రి వాళ్ళే చూసుకున్నారు. ఇక్కడ అదే పద్ధతి, మన చేతికి ఇవ్వరు. గుంట పూడ్చేయించు.

రంగనాయకమ్మకు ఇంకా రాసేంత ఓపిక లేదు. తర్వాత రాస్తుంది.

సుబ్బులమ్మ వచ్చినందుకు సంతోషం. మేనమామ కూతురంటే మునికృష్ణకు వరసే కదా, కొత్త ఉండదు.

దేవకమ్మ

*

నగరి,
1 జూలై 1946

వదినా,

నువ్వు నాకు అబద్ధం రాస్తున్నావు. ఆసుపత్రి వాళ్ళు ఇవ్వలేదని రాస్తే నేను నమ్మాలా? మళ్ళీ మీ పెరట్లోనే పూడ్చావా? పూడిస్తే పూడ్చావు, తిట్టను. ఒట్టేసి చెబుతున్నా, తిట్టను. పడిందా లేదా అన్నది మాత్రం రాయి.

కంట్రోలు నూలు పంచే రోజని మునికృష్ణ వచ్చి రెండు రోజులుండి పోయాడు. మగ్గం మీద కూర్చుంటే పోగు వెంట పోగు తెంపుకున్నాడు. సుబ్బులమ్మ అన్నం పెడితే కంచం ముందే కూర్చున్నాడు, తినలేదు. "మాయ పడిందారా?" అని అడిగితే లేచి పెరట్లోకి పోయి ఆ గుంట దగ్గర నిలబడ్డాడు. "కోడలు బాగుండాదా?" అంటే "బాగుండాది మా" అన్నాడు, నా మొహం చూడకుండా. నేను పెంచిన బిడ్డ. నా కడుపున పుట్టకపోయినా వాడు ఎప్పుడు మింగుతున్నాడో ఎప్పుడు కక్కుతున్నాడో నాకు తెలుసు.

నా కోడలి చేతిరాత ఒక్క ముక్క పంపు. ఒక్క ముక్క రాయలేనంత నీరసం ఇన్నాళ్ళుంటుందా? ఈ ఉత్తరానికి సరైన జవాబు రాకపోతే చిట్టిని చంకన వేసుకుని రైలెక్కుతాను. నన్ను లోపలికి రానివ్వని గేటు ఏదో చూస్తాను.

గురవమ్మ

*

తిరుపతి,
8 జూలై 1946

గురవమ్మ వదిన గారికి దేవకమ్మ చేతులు జోడించి రాస్తున్నది.

మీకు నిజం రాయకపోవడం నా తప్పే. అల్లుడిదీ కాదు, నా కూతురిదీ కాదు. రాయవద్దని అల్లుడి చేత నేనే మాట తీసుకున్నాను. ఇప్పుడు ఉన్నది ఉన్నట్టు రాస్తాను.

ఆ రోజు పొద్దు నడినెత్తిన ఉండగా చంద్రగిరిలో పాప పుట్టింది. మాయ పడలేదు. తాయమ్మ పొట్ట నిమిరింది, వెంట్రుకలు నోట్లో పెట్టి ఓకరింపు తెప్పించింది, ఏం చేసినా కదల్లేదు. పాప బొడ్డుతో సహా తల్లి కాళ్ళ మధ్య గుడ్డ మీదే పడి ఉంది. కోయమంటే తాయమ్మ "కోసినామంటే మాయ పైకెక్కిపోతాది తల్లీ, ఆ పాపం నాకొద్దు" అంది. పాప పాదాలు నీలంగా తిరిగాయి, ముట్టుకుంటే చల్లగా ఉన్నాయి. తాయమ్మ చేతికి ఆముదం రాసుకుంది. నేను చూస్తూ నిలబడ్డాను. నొప్పుల్లో నోరు తెరవని నా కూతురు అప్పుడు నా కొంగు పట్టుకుని "మా, అత్త రాసింది ఏమి? అత్త వద్దని రాసింది కదా" అంది.

మీ మీద నాకున్న కోపమంతా ఆ మాటతో దిగిపోయింది వదినా. తాయమ్మ చెయ్యి పక్కకు తోసేశాను. మీ నూలు తీసి బొడ్డును గట్టిగా కట్టి, ఈ చేతులతో నేనే కోశాను. తాయమ్మ నెత్తి కొట్టుకుంది. ఆమెను అనడానికి లేదు, ఆమె నేర్చుకున్నది అదే, నేను నమ్మిందీ అదే. జట్కాలో ఎండుగడ్డి పరిచి ఇద్దరినీ పడుకోబెట్టాం. కుండను కూడా ఎందుకో పట్టుకువచ్చాను. మీ కుండను వదిలి వస్తే మీరు కోప్పడతారనిపించింది.

ఇక్కడి డాక్టరమ్మ పేరు రాజారత్నం. చూసి నన్ను పక్కకు పిలిచి చెప్పింది. అందరికీ మాయ గర్భసంచి గోడకు పైపైన అంటుకుని, కానుపయ్యాక తానే ఊడి వస్తుందట. నా కూతురికి పోయినసారి గాయమైన చోట అది గోడ లోపలికి పాతుకుపోయింది. లాగితే గోడతో సహా చిరుగుతుంది, నెత్తురు ఆపడం ఎవరి వల్లా కాదు. సంచి మొత్తం తీసేయడమొక్కటే దారి. తీసినా బతుకుతుందని మాట ఇవ్వలేనంది. అప్పటికి అల్లుడు రాలేదు. మీ మాట అడగడానికి వ్యవధి లేదు. మీ అన్నయ్యా నేనూ సరేనన్నాం. చీమ చస్తే చూడలేని మనిషి, కూతురికి ఎక్కించడానికి తన నెత్తురు కలుస్తుందని చెప్పగానే చొక్కా చెయ్యి మడిచి ముందుకు పోయారు. తీయడం అయ్యాక కళ్ళు తిరిగి పడ్డారు, అది వేరే సంగతి.

తర్వాత జ్వరం పట్టుకుంది. కొత్తగా వచ్చిన సూదిమందట, పెన్సిలిన్ అంటారు, దాన్ని ఎక్కడినుంచో తెప్పించి వేశారు. నిన్నటి నుంచి జ్వరం లేదు. ఈ పొద్దు లేచి గోడ పట్టుకుని నిలబడింది.

"ఎవరు లాగనియ్యకుండా ఆపినారమ్మా? వాళ్ళకు దండం పెట్టుకోండి" అని డాక్టరమ్మ అంది. మా వదిన అని చెప్పాను. మీ కుండ కూడా ఊరికే పోలేదు. పాప చల్లబడి ఉంటే నర్సమ్మ ఆ కుండలోనే వేడినీళ్ళు పోసి, మూత బిగించి, చుట్టూ గుడ్డ చుట్టి, పాప పక్కన పెట్టింది. చల్లారినప్పుడల్లా మార్చింది. మాయకని మీరు పంపిన కుండ పాపకు వెచ్చదనం ఇచ్చింది.

ఇంతా చేసి ఎందుకు దాచానంటే, నా కూతురికి ఇంక కానుపు లేదు. ఇద్దరూ ఆడపిల్లలే. మీ మూడు మగ్గాల మాట నాకు గుర్తుంది. సుబ్బులమ్మ మీ ఇంట్లో ఉంది, వరసైన పిల్ల. మీరు మీ కొడుక్కు ఏం చేయాలనుకున్నా అడ్డు చెప్పే నోరు నాకు లేదు. చిట్టిని మాత్రం తల్లి నుంచి వేరు చేయవద్దని మీ కాళ్ళు పట్టుకుని అడుగుతున్నాను.

మీ దయ కోరే,
దేవకమ్మ

అత్తా, నేను బాగుండాను. చిట్టి బువ్వ తింటాందా? రంగ.

*

నగరి,
12 జూలై 1946

నా తల్లి దేవకమ్మకు,

ఎప్పటినుంచే నన్ను మీరు అంటున్నావు? నువ్వు నన్ను ఎన్ని తిట్టినా పడతాను, ఆ మీరు మాత్రం పడలేను.

నీ ఉత్తరంలో కింది వరస ముందు కనపడింది నాకు. నా కోడలి గుండ్రటి అక్షరాలు. అవి చూసి వాకిట్లోనే కూలబడి ఏడ్చాను. ఎందుకు ఏడుస్తున్నానో తెలియక సుబ్బులమ్మ కూడా ఏడ్చింది. పైనున్నదంతా తర్వాత చదివాను.

ఎందుకని అడగకు, రాయను అన్నాను కదా. ఇప్పుడు రాస్తాను. మా అక్క చౌడమ్మ, మీ అన్న మొదటి పెళ్ళాం, పురిట్లో పోయిందని నీకు తెలుసు. ఎట్లా పోయిందో ఈ ఇంట్లో ఎవరూ నోరు తెరవరు. బిడ్డ వచ్చాడు, మాయ రాలేదు. మాయ పడేదాకా బొడ్డు కోయకూడదని అందరూ చుట్టూ కూర్చున్నారు. పెరట్లో గుంట సిద్ధం, పసుపు రాసిన కుండ సిద్ధం. అక్క బాగానే మాట్లాడుతోంది, నన్ను పిలిచి మంచినీళ్ళు అడిగింది. అప్పుడు మంత్రసాని చెయ్యి పెట్టి లాగింది. ఆ తర్వాతది రాయలేను వదినా. అక్క పోయాక కూడా బిడ్డ బొడ్డు కోయడానికి ఎవరికీ చెయ్యి రాలేదు. నేను అప్పటికి పరికిణీలు కట్టే పిల్లను. మగ్గం దగ్గర పోగులు కోసే కత్తి తెచ్చి నేనే కోశాను. ఆ బిడ్డే నీ అల్లుడు. వాడికి ఈ సంగతి తెలియదు, నువ్వూ చెప్పకు.

అందుకే ప్రతి ఉత్తరంలోనూ మాయ, మాయ అని నీ ప్రాణం తీశాను. కుండ నగరికి రావాలని పట్టుబట్టింది పద్ధతి కోసమే అనుకున్నావు. పద్ధతీ ఉంది, కాదనను. కానీ కుండ నా చేతికి వస్తే మాయ పడినట్టు, మాయ పడితే నా కోడలు బతికినట్టు. అంతే నా లెక్క. నువ్వు మాట తప్పించిన కొద్దీ, మునికృష్ణ అన్నం ముట్టకపోయేసరికి, అది పోయిందేమో, నాకు చెప్పకుండా దాస్తున్నారేమో అని నాకు ఖాయమైపోయింది. చిట్టికి ఎట్లా చెప్పాలో రోజూ మనసులో చెప్పుకుని చూసుకున్నాను. నువ్వు దాచింది గర్భసంచి సంగతా! ఓసి పిచ్చిదానా! మనిషి ఉందని రాయకుండా సంచి లేదని భయపడతావా?

నేను ఒక్కరినీ కనలేదు. మూడో పెళ్ళి చేసుకోమని ఊరంతా మీ అన్నను పోరుపెట్టింది. "ఉండే బిడ్డ సాలు, ఉండే ఆడమనిషి సాలు" అని మగ్గం గుంటలోకి దిగిపోయాడు. ఆ ఇంట్లో ఉండి నేను నా కోడలి మీదికి ఇంకొకతెను తెస్తానని ఎట్లా అనుకున్నావు? నీ ఉత్తరం చదివి వినిపిస్తే ఆయన చేతిలో పోగు కింద పెట్టాడు. తర్వాత "ఆయమ్మ ఎంత బయపడిందో సూడు, నువ్వే పోయి పిల్సుకురా" అన్నాడు.

సుబ్బులమ్మకు కాణిపాకం దగ్గర సంబంధం కుదిరింది, కార్తీకంలో పెళ్ళి. పచ్చి ఒంటితో వచ్చే నా కోడల్ని చెంబు కూడా ఎత్తనీయకుండా చూసుకోవాలని పిలిపించుకున్నాను. మూడు మగ్గాల మాట నోటి దురద కొద్దీ అన్నాను. ఈ నూలు కంట్రోలులో ఒక మగ్గానికే పోగు దొరక్క మీ అన్న గోళ్ళు గిల్లుకుంటున్నాడు. మనుమళ్ళు వచ్చి ఏం నేస్తారు, గాలినా?

నువ్వు నా మాట మీద కోపంతో ఉండి కూడా, నమ్మకం లేకుండా కూడా, ఆ వేళకు నా మాట చేశావు. బొడ్డు కోశావు. మా అక్కకు ఆ రోజు నీలాంటి తల్లి పక్కన లేదు. ఈ ఒక్క సంగతికి నేను బతికినన్నాళ్ళూ నీకు మొక్కుతాను. మా అన్నయ్య నెత్తురుకూ, ఐరాల బిడ్డ పాలకూ, ఆ డాక్టరమ్మ చేతులకూ మొక్కుతాను. పాపకు రత్నమ్మ అని పేరు పెడదామా? డాక్టరమ్మ కాదనదు కదా?

సోమవారం బండికి నేనే వస్తున్నాను. డాక్టరమ్మకు ఒక చీర నేయిస్తున్నాం, అంచు మాత్రం ఆలస్యమయ్యేట్టుంది. తాయమ్మకూ ఒక చీర తెస్తాను. ఆమె నెత్తి కొట్టుకున్నదానికి ఎవరో ఒకరు ఓదార్చాలి కదా. కుండను ఎవరికీ ఇవ్వకు, పాపతో పాటు ఇంటికి రావాలి.

కొట్టం వెనక గుంట పొద్దున పూడ్చేశాను. మనిషిని పిలవకుండా నేనే పార పట్టాను. చిట్టి వచ్చి పక్కన కూర్చుని "ఎందుకవ్వా పూడుస్తాండావు?" అని అడిగింది.

"మీయమ్మ వస్తాండాది. సూసుకోకుండా కాలు పెడితే పడిపోతాది" అన్నాను.

అది కూడా చిన్న చేతులతో మన్ను తోసింది.

నీ,
గురవమ్మ